తుడిచేవాడికి రంగు

మా ల్యాబ్ సారు పోయారని తెలిసినప్పుడు నేను తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. నాతో చదివిన అమ్మాయి ఫోన్ చేసింది. "సారుకు గుండె ఆగిందంట. సీతాఫల్‌మండిల ఇంటికాడనే," అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నలుగురిలో ఆయన్ని మాట అన్నవాడు దాన్ని వెనక్కి తీసుకోకుండా బతికే ఉన్నాడు. మాట పడ్డవారు పోయారు.

సారు యూనివర్సిటీలో కాంట్రాక్టు లెక్చరర్. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లో గేటు దగ్గర పోలీసులు, హాస్టళ్ల వైపు బాష్పవాయువు. ల్యాబు కిటికీలు మూసి, మెడలో తడి రుమాలు వేసుకుని పాఠం చెప్పేవారు. తెర ముందు కూర్చునే ముందు కళ్లద్దాలను చొక్కా అంచుతో తుడుచుకోవడం ఆయన అలవాటు.

విభాగం వార్షికోత్సవానికి పాత విద్యార్థుల ఫోటోలు చూపించే ప్రోగ్రాం రాసే పని మా ల్యాబుకు అప్పజెప్పారు. ల్యాబులో లినక్స్, ఆఫీసులో విండోస్. రెండింటి మీదా నడవాలి. మొదట్లో ఫోటో మారినప్పుడల్లా తెర తెల్లగా మెరిసేది.

"సార్, గ్యాస్‌కు మా కండ్లే గిట్ల కొట్టుకుంటున్నయేమో," అన్నాడు ఒకడు.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ గని, కూసో," అన్నారు సారు. పాత బొమ్మ తుడిచి కొత్తది గీసేలోపు ఖాళీ తెలుపు కంటికి దొరుకుతోందని చెప్పారు. "గీసేదంత చాటుకు గియ్యి. చూపేది ఒక్కపారి చూపు." అంటే బొమ్మను మెమరీలో పూర్తిగా తయారుచేసి, ఆ తర్వాతే తెర మీద పెట్టాలి. అలా చేశాక మెరుపు పోయింది.

ఉత్సవానికి ముందు రోజు విభాగాధిపతి మాకు చెప్పకుండా, తన శిష్యుడి చేత ఆ తెర పైభాగంలో ఒక పట్టీ పెట్టించుకున్నాడు. దాని మీద ఆయన పేరు, హోదా. మర్నాడు సెమినార్ హాల్లో ఆయన ల్యాప్‌టాప్ మీద నడిపితే ప్రతి ఫోటోకూ తెరంతా తెల్లగా కొట్టింది. అతిథులు కళ్లు చిట్లించారు. ఆయన మైకులోనే అన్నాడు: "పొద్దంత గేటుకాడ నినాదాలిచ్చేటోళ్లకు పనిస్తే గిట్లనే ఉంటది." సారు మొదటి వరసలో కూర్చుని విన్నారు. ఊరేగింపుల్లో ఫోటో తీసేటప్పుడు ముందుకొచ్చి నిలబడేది మాత్రం ఈ పెద్దమనిషే.

తర్వాత ల్యాబులో, ఆఫీసు నుంచి తెచ్చిన విండోస్ యంత్రం ముందు సారు మమ్మల్ని కూర్చోబెట్టుకున్నారు. "ఎవడు తుడుస్తుండో వానికి రంగు పుయ్యి. వాడే బయటవడ్తడు." ప్రోగ్రాంలో ఒక్కొక్క భాగం తుడిచే రంగును తెలుపు నుంచి ఎరుపుకు మార్చుకుంటూ పోయాం. పట్టీ దగ్గరికి రాగానే తెరంతా ఎర్రబడింది. ఆ పట్టీ తనను తాను గీసుకోవడానికి ప్రతిసారీ తెర మొత్తాన్ని తుడిపిస్తోంది. ల్యాబులోని లినక్స్ యంత్రాల్లో ఆ తుడుపు పైకి కనిపించలేదు, అందుకే మొదట మాకు అంతుపట్టలేదు.

సారు వెళ్లి విభాగాధిపతికి చూపించారు. ఆయన చూసి, పట్టీని అలాగే ఉంచాడు. మరుసటి ఏడాది సారుకు కాంట్రాక్టు పొడిగించలేదు. తార్నాకలో ఒక మందుల షాపు పైన కోచింగ్ సెంటరులో చేరారు.

ఒకసారి నేను పక్కనుండగానే బస్టాపు దగ్గర సారును చూసి విభాగాధిపతి కారు ఆపాడు. "రావోయ్, మళ్ల నౌకరీల తీసుకుంట. గా మెరుపు సరిచేసి పో."

"గా పట్టీ మీదేనని హాల్ల చెప్పుండ్రి సారూ. చిటికెల చేస్త," అన్నారు సారు.

ఆయన నవ్వి అద్దం ఎక్కించుకున్నాడు.

"ఇంక ఇడిసిపెట్టుండ్రి సార్," అన్నాను.

"నలుగుట్ల, మైకుల అన్నడు. నలుగుట్లనే ఎనుకకు తీస్కోవాలె. గంతే."

ఆ ఒప్పుకోలు కోసం చివరిదాకా ఎదురు చూశారు. రాష్ట్రం కోసమూ చూశారు. ఆయన ఉండగా రెండూ రాలేదు.

సంతాపసభ అదే సెమినార్ హాల్లో పెట్టారు. విభాగాధిపతి నాకే ఫోన్ చేశాడు. "మీ సారు ఫోటోలు గా ప్రోగ్రాంల పెట్టు. నీకెరుకే గద, మెరుపు లేకుంట చూడు."

"చూస్త సార్," అన్నాను.

చూశాను. సారు ముఖం మెరవకుండా ఫోటోలన్నీ చాటున గీయించాను. పట్టీ తన హద్దు దాటి తుడవకుండా కట్టేశాను. ఆ హద్దులోని తుడుపుకు మాత్రం ఎరుపు వేశాను.

ఆయన మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. "ఆయన నాకు తమ్ముని లెక్క..." వెనక తెర మీద ఫోటో మారింది. పైన పట్టీలో ఆయన పేరు ఎర్రగా కొట్టుకుంది. మళ్లీ ఫోటో, మళ్లీ ఎరుపు. మా ల్యాబు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు ఫోన్ చేసిన అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, గా ఎరుపు ఎవలది?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మైకు ఉంది, మనుషులున్నారు, ఆయన మైకు మీట ఆపేశాడు. తెర మీద సారు చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ బొమ్మ మెరవలేదు. ఫోటో మారినప్పుడల్లా పైన పట్టీ మీద మాత్రం ఎరుపు వచ్చి పోతూ ఉంది.