శ్రుతమ్మ ఆపేసిన చరణం

మా పెద్దమ్మను చర్చిలో అందరూ శ్రుతమ్మ అనేవారు. అసలు పేరు ఆసుపత్రి హాజరుపట్టీలో తప్ప మరెక్కడా కనిపించేది కాదు. ఒక ఏడాది వానలకు తడిసి చర్చి హార్మోనియం పాడైపోతే, ఆరాధన మొదలయ్యే వేళకు ఆమే లేచి నిలబడి మొదటి స్వరం అందుకుంది. మూడు వందల మంది ఆ స్వరం పట్టుకుని పాడారు. హార్మోనియం బాగై వచ్చినా గుడ్డ కప్పి మూలనే ఉంచేశారు. అప్పటి నుంచి ఇరవై మూడేళ్లు ఆ సంఘానికి శ్రుతి మా పెద్దమ్మ గొంతే.

ఆమె ఉద్యోగం మాత్రం పాటలకు ఆమడ దూరం. పెద్దాసుపత్రి వెనక, ఆవిరితో ఎప్పుడూ మసకగా ఉండే పొడవాటి హాలులో దుప్పట్లు ఉతికే విభాగానికి ఆమె పెద్ద. నెత్తుటి మరకలవి ఒక తొట్టి, మందు మరకలవి ఒక తొట్టి, పసిపిల్లలవి వేరే తొట్టి. మోచేతుల దాకా వేడినీళ్ల మచ్చలు. "పడుకున్నవాడు లేచి ఇంటికెళ్లాడా, లేదా అన్నది మనకు తెలీదు. ఇద్దరి దుప్పటీ ఒకేలా ఉతకాలి," అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది.

నేను ఆమె చెల్లెలి కూతుర్ని. చదువు కోసం ఆరేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్లకు పిల్లలు లేరు. పెదనాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మాన్, చర్చిలో సంఘపెద్ద. స్తంభం ఎక్కితే భయమెరగని మనిషి, అయ్యగారు పలకరిస్తే మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు. పాస్టరుగారిని మేమంతా అయ్యగారనే పిలిచేవాళ్లం.

ఉతికిన దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో రెండు కొసలు పట్టుకుని, దులిపి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలపాలి. పెద్దమ్మకు ఎదురు నిలబడే మనిషికి చెవులు వినపడవు, మాట రాదు. ముప్పై అయిదేళ్ల వితంతువు. చేతివేగం చూసి అందరూ మడతలమ్మ అనేవారు. తొమ్మిదేళ్లు ఎదురెదురుగా దుప్పట్లు మడిచేసరికి వాళ్లిద్దరి మధ్య ఒక చేతిభాష పుట్టింది. సూపర్‌వైజరుకు ఒక సైగ, మరగని టీకి ఒక సైగ, పెదనాన్న అలకకు ప్రత్యేకంగా ఒక సైగ.

రోజూ భోజనానికి ముందు పెద్దమ్మ కళ్లు మూసుకోవడం చూసి మడతలమ్మ ఒకరోజు అడిగింది, ఎవరితో మాట్లాడుతున్నావని. అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి తనకూ బాప్తిస్మం కావాలంది. అయ్యగారు సంతోషించారు. "విశ్వాస ప్రమాణం అర్థం చేయించమ్మా. ఆమెతో మాట్లాడగలిగేది నువ్వొక్కదానివే," అన్నారు.

పని అయ్యాక మడతల బల్ల దగ్గరే పాఠం. యేసు పుట్టుక, రోగుల్ని ముట్టుకోవడం, సిలువ, సమాధి ఖాళీ కావడం, అన్నీ చేతులతో చెప్పింది పెద్దమ్మ. మడతలమ్మ కళ్లార్పకుండా చూసింది, సిలువ దగ్గర ఏడ్చింది కూడా. చివరికి పెద్దమ్మ మూడు వేళ్లు చూపించి, వాటిని మూసి ఒక్క వేలు ఎత్తింది. తండ్రి, కుమారుడు, ఆత్మ. ముగ్గురు. ఒక్క దేవుడు.

మడతలమ్మ కనుబొమలు ముడిచింది. యేసు తోటలో మోకరించాడని చెప్పావు కదా, అని చేతులతో అంది. చెమటలు పట్టేలా ప్రార్థించాడన్నావు. తల ఎత్తి పైకి చూశాడన్నావు. ఎవరి వైపు చూశాడు?

తండ్రి వైపు, అని పెద్దమ్మ చూపించింది.

మరి తండ్రి ఎవరి వైపు చూస్తాడు?

పెద్దమ్మ తనకు నేర్పినదంతా ఒక్కొక్కటిగా చెప్పి చూసింది. మడతలమ్మ ఓపిగ్గా చూసి, చిన్నగా నవ్వి, ఆమె మణికట్టు మీద నెమ్మదిగా తట్టింది. నీకూ తెలీదు, ఫరవాలేదు, అని ఆ తట్టుకు అర్థం.

ఆ నవ్వే తనను నిద్ర పోనివ్వలేదని పెద్దమ్మ తర్వాత నాతో అంది. "వెక్కిరించి ఉంటే కోపం వచ్చి మర్చిపోయేదాన్ని. జాలిపడిందే!"

నాలుగు నెలలు చదివింది. ఆసుపత్రిలో రద్దయిన పాత రిజిస్టరు తెచ్చుకుని, వాక్యంలో యేసు తండ్రిని గురించి మాట్లాడిన ప్రతి చోటూ రాసుకుంది. తన దేవుడు, మన దేవుడు ఒక్కడే అని ఆయనే అన్న చోటు దగ్గర రెండు గీతలు పెట్టింది. తనకు తోస్తున్నదానికి వ్యతిరేకంగా ఉన్న చోట్లు కూడా రాసింది. లెక్క తేలాలంటే రెండు వైపులా రాయాలి కదా అనేది.

తర్వాత అయ్యగారి దగ్గరికి వెళ్లింది. తోడు నేను వెళ్లాను. ఆయన గదిలో గోడంతా పుస్తకాలు. ఆమె రిజిస్టరు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"దేవుడు ఒక్కడేనండీ, తండ్రి ఒక్కడే. యేసు ఆయన కుమారుడు. ఆయన పంపిన రక్షకుడు, నాకు ప్రభువు. ఆ మాట కోసం ప్రాణమైనా ఇస్తాను. కానీ ఆయన ఎవరికి మొక్కాడో వారికే మొక్కాలనిపిస్తోంది. ఆత్మ అంటే దేవుడి శక్తి, ఆయన ఊపిరి. ఇంకో మనిషిలాగా విడిగా ఉన్నట్టు నాకు కనపడలేదండీ."

అయ్యగారు కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "యేసు పాదాల దగ్గర పడి నా దేవా అన్న శిష్యుడు లేడా అమ్మా?"

"ఉన్నాడండీ. అక్కడ నాలుగు రోజులు ఆగిపోయాను. పంపినవాణ్ణి పంపబడినవాడిలో చూశాడని నాకు తోచింది. తప్పయితే చెప్పండి."

"తప్పే. మన బుర్రకు అందనంత మాత్రాన లేదనకూడదు. పెద్దపెద్దవాళ్లు తరాల తరబడి తలలు బద్దలు కొట్టుకుని తేల్చిన సంగతిని నువ్వు దుప్పట్లు ఉతుకుతూ తేల్చేస్తావా?"

"తేల్చలేదండీ. చదివానంతే."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. చివరికి, "నీ మనసులో ఉంచుకో. ఎవరికీ బోధించనని మాటివ్వు," అన్నారు. పెద్దమ్మ ఇచ్చింది.

మరుసటి ఆదివారమే చిక్కు వచ్చిపడింది. ఆరాధన చివర పాడే పాటలో మూడో చరణం ముగ్గురికీ కలిపి మొక్కుతుంది. రెండు చరణాలు పెద్దమ్మ గొంతు గుండ్రంగా, నిండుగా మోగింది. మూడోది మొదలయ్యే చోట ఆగిపోయింది. ఆమె కావాలని చేసిందని ఎవరూ అనుకోలేదు. దగ్గు వచ్చిందేమో అనుకున్నారు. కానీ ఆనుకునే గొంతు లేక ఆడవాళ్లు పైకి, మగవాళ్లు కిందికి పోయారు. పాట కుంటుతూ కుంటుతూ ముగిసింది. ముందు వరుసలో పెదనాన్న మెడ ఎర్రబడటం నాకు కనిపించింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు. "ఒక్క చరణం! పెదాలు కదిపితే నీ సొమ్మేం పోయింది?"

"మనుషుల ముందైతే కదిపేదాన్నండీ. ఆయన ముందు ఎలా కదపను?"

"నలుగురిలో తల ఎలా ఎత్తుకోను?"

ఆ రోజు ఇద్దరూ భోజనం చేయలేదు. నేనొక్కదాన్నే తిన్నాను.

అసలు పరీక్ష మడతలమ్మ రూపంలో వచ్చింది. బాప్తిస్మానికి ముందు సంఘపెద్దల ఎదుట ప్రశ్నలడగడం అక్కడి పద్ధతి. చర్చి పక్క గదిలో బల్లకు అటు అయిదుగురు పెద్దలు, మధ్యలో అయ్యగారు. పెదనాన్న ఒక చివర తల వంచుకుని కూర్చున్నాడు. ఇటు మడతలమ్మ, పక్కన ఆమె నోరుగా పెద్దమ్మ, గుమ్మం దగ్గర నేను.

అయ్యగారు ప్రమాణంలో ఒక్కో మాటా చదివారు. పెద్దమ్మ ఒక్కో మాటనూ చేతుల్లో పెట్టింది. ఏమీ తగ్గించలేదు, ఏమీ చేర్చలేదు. ముగ్గురు అన్న చోట మూడు వేళ్లూ స్పష్టంగా ఎత్తింది. మడతలమ్మ అంతా చూసి, ఆమె వైపు తిరిగి చిన్నగా ఏదో అడిగింది. పెద్దమ్మ చేతులు ఒళ్లో పడిపోయాయి.

"ఏమంటోందమ్మా?" అన్నారు అయ్యగారు.

"నువ్వు నమ్ముతున్నావా అని నన్నడుగుతోందండీ." పెద్దమ్మ అయ్యగారి వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పనని మీకు మాటిచ్చాను. ఇప్పుడు ఈమెకు అబద్ధం చెప్పనా, మీకిచ్చిన మాట తప్పనా? మీరేం చెప్పమంటే అది చెప్తాను."

అయ్యగారు పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టారు. ఆయన ఆ ఒక్క ప్రశ్నకు అవునని చెప్పమని ఉంటే పని ఇట్టే జరిగిపోయేది. ఆ ఆశతోనే పెద్దలు ఆయన మొహం వైపు చూశారు.

"నిజమే చెప్పు," అన్నారాయన.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. మడతలమ్మ ఆమెనూ అయ్యగారినీ మార్చి మార్చి చూసి, తన అరచేయి గుండెల మీద పెట్టుకుని, ఆ చేతినే ముందుకు చాచి ఆపింది. నేను ఆగుతాను, నాకు నేనుగా తెలిసేదాకా.

పది రోజుల్లో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పాటల బాధ్యత తీసేశారు. ప్రభువు విందు ఆచరించేటప్పుడు బల్ల దగ్గర రొట్టె అందుకోవడానికి వీల్లేదన్నారు. కింద సంతకాల్లో పెదనాన్నదీ ఉంది. ఆ సంతకం ఆయన ఎలా పెట్టాడో నాకు తెలియదు. ఆ ఉత్తరాన్ని స్వయంగా తెచ్చి ఆమె చేతికిచ్చి, పెరట్లోకి వెళ్లి, బాగానే ఉన్న మోటారును విప్పి మళ్లీ బిగిస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. పెద్దమ్మ చదువుకుని, మడిచి, టీ గ్లాసు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. "సంతకం చక్కగా కుదిరింది. జీతం పుస్తకంలో ఎప్పుడూ వంకరగా పెడతారు," అంది. ఆయన ఆ గ్లాసు పట్టుకుని భోరుమన్నాడు.

వాళ్లు విడిపోలేదు. ప్రతి ఆదివారం ఆయన చొక్కా ఆమే ఇస్త్రీ చేసి పంపేది. ఆయన వెళ్లాక ముందు గదిలో కుర్చీలు జరిపి కూర్చునేది. మొదట ఒక్కతే. కొన్నాళ్లకు మడతలమ్మ రావడం మొదలుపెట్టింది. వాక్యం చదివి, యేసు పేరట తండ్రిని వేడుకునేవారు. ఒకరు గొంతుతో, ఒకరు చేతులతో. పాట మాత్రం చాన్నాళ్లు లేదు. తన గొంతు విని తనకే మూడు వందల మంది గుర్తొస్తున్నారనీ, అది ఆరాధన కాదు బెంగ అనీ అనేది. చర్చి ఆడవాళ్లు రోడ్డు మీద ఎదురైతే తల తిప్పుకునేవారు. వాళ్ల పిల్లల పురిటి దుప్పట్లన్నీ ఆమె ఉతికినవే. ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, నాకే మనసులో రగిలేది.

రెండేళ్లకు మడతలమ్మ తనకు తెలిసిందని చెప్పింది. బాప్తిస్మం ఇవ్వమని పెద్దమ్మనే అడిగింది.

"ఆడదానివి, నీకేం అధికారముంది?" అన్నాడు పెదనాన్న.

"మీరొచ్చి ఇస్తారా మరి?"

ఆయన చేతిలోని పేపరు తిప్పాడు.

"ముప్పై ఏళ్లుగా ముంచి తీయడమే కదండీ నా ఉద్యోగం," అని నవ్వింది పెద్దమ్మ. ఊరి బయట ఏటిలో, నడుం లోతు నీళ్లలో, యేసు నామంలో ఆమెను ముంచి లేపింది. ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడింది నేను. కొంచెం దూరంలో, ఎండలో, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు పెదనాన్న కూడా నిలబడ్డాడు.

ఆ మరుసటి సంవత్సరం ఒక మధ్యాహ్నం అయ్యగారు ఉతికే హాలు గుమ్మంలో కనిపించారు. అయ్యగారి భార్యకు పైన ఆపరేషను జరుగుతోంది. బతకడం కష్టమని డాక్టర్లు ముందే చెప్పారట. పై అంతస్తులో చర్చివాళ్లు పాతికమంది ఉన్నారు. ఆయన వాళ్లందరినీ వదిలి మెట్లు దిగి వచ్చారు. భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"పైన నాతో అందరూ ధైర్యంగా ఉండమంటున్నారమ్మా," అన్నారు. "ఇక్కడైతే ఎవరూ అనరని వచ్చాను."

పెద్దమ్మ స్టూలు తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు.

"మనిద్దరం కలిసి చేయదగ్గ ప్రార్థన ఒకటుంది కదా," అన్నారాయన.

"ఉందండీ. ఆయన నేర్పిందే."

తండ్రీ అని మొదలయ్యే ఆ ప్రార్థనను ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పారు. యంత్రాల రొదలో సగం మాటలు వినపడలేదు. నీ చిత్తమే జరగాలి అనే చోట ఆయనకు మాట పెగల్లేదు. పెద్దమ్మ కూడా ఆగి, ఆయన అందుకునేదాకా కళ్లు మూసుకునే ఉంది. తర్వాత ఇద్దరూ చివరిదాకా చెప్పారు. అయ్యగారి భార్య ఆ సాయంత్రమే పోయింది. ఆమె కింద పరిచిన దుప్పటి మర్నాడు తొట్లలోకి వచ్చింది. పెద్దమ్మ దాన్ని యంత్రంలో వేయకుండా చేత్తో ఉతికింది.

అయ్యగారు తన నమ్మకం మార్చుకోలేదు, పెద్దమ్మా మార్చుకోలేదు. సంఘం ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోనూ లేదు. కానీ ఆయన రోడ్డు మీద ఎదురైతే ముందుగా ఆయనే ఆగి నమస్కారం పెట్టేవారు. వెంట ఉన్నవాళ్లు ఇబ్బంది పడినా పెట్టేవారు.

పెద్దమ్మకు ఇప్పుడు డెబ్భై ఒకటి. ముందు గదిలో ఆదివారం తొమ్మిదిమంది కూర్చుంటారు. పెదనాన్న చర్చి నుంచి రాగానే లోపలికి రాకుండా వరండాలో కుర్చీ వేసుకుని, వాళ్ల ప్రార్థన అయ్యేదాకా పేపరు చదువుతాడు. "నేను వినట్లేదు," అంటాడు అడక్కుండానే. పోయిన నెల నేను వెళ్లినప్పుడు ఆ పేపరు రెండు రోజుల కిందటిది.