మా పరుపుల అంగడిలో పండుకున్న రోగులు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. హిందూపురంలో ఒక చిన్న నర్సింగ్ హోములో మూడేళ్లు పనిచేసి, సూదికి దొరకని నరాన్ని కూడా దొరకబుచ్చుకుంటానని పేరు తెచ్చుకున్నాను (ఆ పేరు ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే). అలాంటి దాన్ని గల్ఫ్‌లో నర్సు ఉద్యోగానికి కావలసిన లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. మందులూ మోతాదులూ నోటికొచ్చేవి. రోగిని ఎలా పడుకోబెట్టాలన్న ప్రశ్నలే కొంప ముంచేవి. ఎనిమాకు ఎడమ పక్కా, కుడి పక్కా? కాలేయంలోంచి సూదితో ముక్క తీశాక ఏ పక్క? మా దగ్గర రోగులు ఫ్యాను ఎటుంటే అటు తిరిగి పడుకునేవారు, మేమూ సరే అనేవాళ్లం. మూడోసారి కూడా తప్పితే ఇక రాయనివ్వరన్నారు. ఉద్యోగం ఇస్తామన్న ఆసుపత్రి కూడా అంతవరకే ఆగుతానంది.

మా నాయనకు బజారులో పరుపులు కుట్టే అంగడి ఉండేది. ఓ మూల దూదిమూటకు ఆనుకుని నేను ముక్కు చీదుకుంటుంటే ఆయన సంగతంతా విని, "ఏం పాపా, మనుషుల్ని పండబెట్టేది రాకనా ఇంత ఏడుపు? నేను ముప్పై ఏండ్లుగా చేస్తాండేది అదే పని కదమ్మా!" అన్నాడు. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు ఎలాగూ పడుకుని చూస్తారు. ఆ పడుకునేదేదో ప్రశ్నలో ఉన్నట్టు పడుకుంటే సరిపోతుందని ఆయన లెక్క. నేను ఫోనులో ప్రశ్న చదివి తెలుగులో చెప్పాలి, ఆయన పండబెట్టాలి, తప్పో ఒప్పో ఫోను తేలుస్తుంది.

మొదటి రోగి ధర్మవరంలో పట్టుచీరలు నేసే అత్త. "ఎడమ పక్కకు తిరుగు చెల్లీ, కుడి మోకాలు కడుపుకాడికి ముడువు" అని నాయన గంభీరంగా చెబితే ఆమె అలాగే ముడిచి, "ఇట్ల పండుకుంటేనే పరుపు గుణం తెలుస్తాదా అన్నా?" అని అడిగింది. "బాగా తెలుస్తాది" అన్నాడు నాయన. (తాను ఎనిమాకు పడుకున్నానని ఆమెకు ఇప్పటికీ తెలియదు.) ఆయాసం ప్రశ్నకు మాత్రం నాయన ఎవరినీ పండబెట్టలేదు. "ఊపిరాడనోళ్లను వెల్లకిలా ఎవురన్నా పండబెడతారా? మీ అవ్వకు దిండ్లు పేర్చి, ముందుకు వాల్చి కూసోబెడ్తాంటిమి" అన్నాడు. నేను రెండుసార్లు తప్పిన ప్రశ్న అది.

అసలు ఘనకార్యం పెనుకొండ మాస్టారిది. రిటైరైన పెద్దమనిషి. కాలేయం ప్రశ్న ఆయన వంతుకొచ్చింది. కుడి పక్కకు పడుకోమంటే ఎందుకని అడిగాడు. "కాలేయం ఆ పక్కనే ఉంటుంది సార్, మీ బరువే దాన్ని నొక్కిపెట్టి రక్తం కారకుండా ఆపుతుంది" అన్నాను. సంతృప్తిగా తలాడించి, అలాగే గురక పెట్టాడు. ఇంతలో కూరగాయల సంచితో ఆయన భార్య వచ్చి, "ఏమైండాదప్పా మా ఇంటాయనకు?" అంది. నాయన నోటి మీద వేలుంచుకుని, "గట్టిగా మాట్లాడొద్దమ్మా. కాలేయంలోంచి ముక్క తీసినారు, రెండు గంటలు కదిలించగూడదు" అన్నాడు. ఆవిడ పెట్టిన కేకకు బజారంతా అంగడి ముందుకొచ్చింది. చెల్లాచెదురైన టమాటాలు ఏరుకుంటూ నేను క్షమాపణలు చెబుతుంటే, మాస్టారు లేచి ఒళ్లు విరుచుకుని, "ఇంత నిద్ర పట్టి ఎన్నాళ్లైందో! ఈ పరుపే కట్టియ్యప్పా" అన్నాడు.

పరీక్ష బెంగళూరులో. తెర మీద ప్రశ్నలు ఒక్కొక్కటే వస్తుంటే మా అంగడి రోగులు వరుసగా వచ్చి నా ముందు పడుకున్నారు. కాలేయం ప్రశ్న రాగానే పెనుకొండ మాస్టారి గురక చెవిన పడి నవ్వాపుకోలేకపోయాను, కాపలా ఆవిడ గుడ్లురిమింది. చివర్లో "పాస్" అన్న మాట కనిపించింది. బయటికొచ్చి ఫోను చేస్తే నాయన అడిగిన మొదటి మాట, "కుడి పక్కేనా?" "కుడి పక్కే నాయనా, గెలిచేసినాం!" అని నడిరోడ్డు మీద అరిచాను. ఆ అరుపు గుర్తొస్తే ఈనాటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

మర్నాడు అంగడికి వెళ్లేసరికి నాయన కొత్త పరుపు పరిచి, వచ్చినవాళ్లందరికీ మిఠాయి పంచుతున్నాడు. ఆ పరుపును చూశాక గానీ నాకు తట్టలేదు. నెలంతా ఊళ్లవాళ్లను పండబెట్టామే తప్ప, పొద్దస్తమానం నిలబడి ఉన్న మనిషిని ఒక్కసారైనా పడుకోమనలేదు. రోగిని చూడగానే అవసరం కనిపెడతానని గొప్పలు పోయేదాన్ని! చెయ్యి పట్టుకుని పడుకోబెడితే, ఆయన బుద్ధిగా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, "ఇది ఏం జబ్బుకు పాపా?" అన్నాడు.

"ఏ జబ్బుకూ కాదు నాయనా. ఊరికే పండుకో."

కాసేపు అటు ఒత్తిగిలాడు, ఇటు ఒత్తిగిలాడు. తర్వాత నా వైపు చూసి, "పరుపులు బాగానే కుడ్తాండానే నేను!" అన్నాడు ఆశ్చర్యంగా.