హారతి కట్టిన మూట

బతకడానికొచ్చిన లింబాయత్‌ బస్తీలో దారాలు కత్తిరించిన చీరలు అప్పజెప్పి ఇంటికొచ్చిన జమునకు గోడ మీద ఉత్త మేకు కనిపించింది. భర్త శ్యాంసుందర్ ఫొటో లేదు. కింద దీపం మాత్రం వెలుగుతున్నది.

బట్ట నేసే సాంచెల కార్ఖానాలో కుప్పకూలి ఆయన పోయి ఏడాది నిండలేదు. ఏడాది మాసికం అయ్యేదాక ఫొటో గడప దాటొద్దని అత్తగారి మాట. తుడవాలన్నా గోడ మీదనే తుడిచేది జమున.

దండెం మీద కూతురు హారతి బట్టలు లేవు. చద్దరు లేదు. బడి సంచి మాత్రం మూలకు పడి ఉన్నది.

పక్కింటి విజయరాణి తొంగిచూసింది. "మీ పోరి మూట సంకల పెట్టుకొని పోతుంటే చూసిన. ఏంది బిడ్డా, అత్తగారింటికా అంటే ఆగనన్నా ఆగలే. ఎనిమిదో తరగతికే రెక్కలొచ్చినయా?"

జమున మళ్లొకసారి ఉత్త మేకు దిక్కు చూసింది. తండ్రి ఫొటో పట్టుకుపోయిందంటే ఇగ రానట్టే కదా! బడికన్నా వచ్చిందో లేదో అడుగుదామని చెప్పులు కూడా లేకుండా ఉరికింది.

తరగతి గుమ్మం ముందర సుద్దగీత. కర్ర పట్టుకున్న పిల్ల అడ్డం నిలబడ్డది.

"ఆగు! పేరేంది? ఎక్కడికెళ్లి వచ్చినవ్? సామానేది?"

జమున నోరు తెరిచింది. వట్టి చేతులు చూసుకున్నది.

"అమ్మా!" లోపలినుంచి హారతి వచ్చింది. మూటలోంచి ఫొటో అంచు కనబడుతున్నది. జమున కూతురి మణికట్టు గట్టిగ పట్టుకున్నది.

కమలాకర్ సార్ కుర్చీ జరిపాడు. "కూసో అమ్మా. శరణార్థుల పాఠం. చంపుతరన్న భయానికి దేశమిడిచి, ఇంకో దేశాన్ని ఆశ్రయం అడుగుతరు కదా. అట్ల ఉరకాల్సొస్తే ఏం పట్టుకుపోతరో మూట కట్టుకొని రమ్మన్న. ఆ సుద్దగీత సరిహద్దు, కర్ర పిల్ల కావలి."

"మనం గూడ ఊరిడిచినోళ్లమే కద సార్?" అన్నదొక పిల్ల.

"మనం పని కోసమొచ్చినం. పెండ్లిళ్లకు ఊరికి పోతం, వస్తం. వాళ్లు తిరిగిపోతే పానం దక్కదు."

కర్ర పిల్లకు ఇంకా అనుమానం తీరలేదు. "ఆంటీ, పేరడిగితే చెప్పవైతివి? అబద్ధమాడుతున్నవనుకున్న. జరసేపైతే ఎల్లగొడుదును."

జమున కూతురి చెయ్యి ఇంకా విడవలేదు.

"యాదికి రాలే బిడ్డా," అన్నది. "నిజంగనే రాలే."