బూజు పట్టిన భరిణె

ఆ రోజుల్లో శబరి ఒడ్డున ఒక మహాయుద్ధం జరిగింది. ఒక పక్క యువవీరుడు, ఇంకో పక్క పండిన అనుభవం, మధ్యలో ఒక పెళ్లికూతురి కానుక. ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు: వీరుణ్ణి నేను, అనుభవం మా నాయనమ్మ, రణరంగం కొంటా ఊళ్లో మా ఇంటి వెనక కట్టెల పాక. మామిడి దుంగను తడపాలా, ఎండబెట్టాలా అన్నదే తగాదా.

మా బాబాయికి లేత్ మిషను ఉంది. చపాతీ కర్రలు, మంచంకోళ్లు దాని మీద తిప్పి చెక్కుతాడు. మా ఇంటి ఆడపిల్ల పెళ్లికి కుంకుమభరిణె ఆ మిషను మీదే పుట్టాలి. అక్కకు సంబంధం కుదిరేసరికి, గాలివానకు పడిన మా పెరటి మామిడిలో ఒక్క దుంగే మిగిలింది. చిన్నప్పుడు అక్క ఎక్కి దిగలేక ఏడ్చిన చెట్టు అది (దింపడానికి ఎక్కి నేనూ ఏడ్చాను, అది వేరే ఇతిహాసం). అప్పుడే ఫోనులో ఒక వీడియో చూశాను. చెక్కను తడిపి, కప్పి, బూజు పట్టనిస్తే లోపల సిరాతో గీసినట్టు నల్లగీతలు పుడతాయట. భరిణె నేనే చేస్తానని ప్రకటించాను.

“ఏందిరా, చెదలు పట్టిస్తవా?” అన్నాడు బాబాయి.

“చెదలు కాదు బాబాయ్, బూజు.”

“ఓహో, చెదల నుంచి బూజుకు తరక్కీ అయినట్టే! చూడు, ఉన్నది ఒక్క దుంగ. అది ఖరాబయితే అక్క స్టీలు డబ్బాతో అత్తగారింటికి పోతది, నువ్వు మేనమామ సిమెంటు దుకాణంల బస్తాలు మోస్తవు. మళ్ల మిషను ముట్టేది లేదు.”

దుంగను తడి గోనెలో చుట్టి, కుళ్లిన ఆకులు కప్పి, పాకలో పడుకోబెట్టాను. మా నాయనమ్మ శాంతమూర్తే, కానీ బూజు కంటబడితే ఊరుకోదు. వాన తెరిపిస్తే చాలు, ఇప్పపువ్వు, చింతపండు, దుప్పట్లు, ఇంట్లో ఏది చెమ్మగిల్లినా ఎండలోకి రావాల్సిందే. ఇప్పపువ్వు పక్కన నా దుంగ కూడా బూడిదతో తోమించుకుని, గోడకు ఆనుకుని ఎండ కాగుతూ కనిపించేది. నేను మళ్లీ తడిపి చుట్టేవాణ్ణి. తెల్లారితే మళ్లీ ఎండలోనే ఉండేది.

“నాయనమ్మా, ఆ బూజు నేను పెంచుతున్న!”

“పెంచితే మేకను పెంచరా, పాలన్నా ఇస్తది.”

“లోపల బొమ్మలు వస్తయే.”

“నీ తలకాయల అప్పుడే వచ్చినట్టున్నయ్.”

ఇక లాభం లేదని, దుంగ చివర ఒక ముక్క కోసి ఆమెకు కనబడకుండా నీళ్ల డ్రమ్ము వెనక దాచాను. దాన్ని ఎవరూ తోమలేదు, ఎండబెట్టలేదు. అచ్చంగా వీడియోలో చెప్పినట్టే పెరిగింది.

పెళ్లి దగ్గర పడ్డాక ముక్కులకు గుడ్డ కట్టుకుని మిషను దగ్గర నిలబడ్డాం. ముందు నా రహస్య ముక్కను తెచ్చాను. బాబాయి చేతిలో అది చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా విరిగి కింద పడింది. “మేనమామకు ఫోన్ చెయ్యనా?” అన్నాడు. తరవాత దుంగను మేకుతో గుచ్చి చూశాడు. గట్టిగానే ఉంది. ఉలి ఆనించాను. పొట్టు లేచేకొద్దీ పటంలో వాగులు శబరిలో కలిసినట్టు సన్నటి నల్లగీతలు బయటపడ్డాయి. బాబాయి మిషను ఆపి, పొట్టు తుడిచి చూశాడు. “నువ్వు తడపకుంటే గీతలు రాకపోయేవి. ముసలామె ఎండబెట్టకుంటే దుంగే ఉండకపోయేది,” అన్నాడు. భరిణె తయారయ్యాక అక్క వచ్చి గీతల వెంట వేలు పెట్టి చూసింది.

“ఇది మన చెట్టేనారా?”

“అవునే. నువ్వు ఏడిస్తే పడ్డ చారలే అవి.”

నెత్తి మీద ఒక్కటిచ్చింది గానీ, భరిణెను మాత్రం కొంగులో చుట్టుకుంది. పెళ్లిలో నాయనమ్మ మగపెళ్లివారి దగ్గర ఒకటే బాధపడింది: “ఎంత తోమినా మరకలు పోలే బిడ్డా, ఏమనుకోకండి.”

ఇప్పుడు మిషను దగ్గర నేనే ఉంటాను. కళ కోసం నాయనమ్మతో పోరాడిన ఆ వీరుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. మొన్న ముసురులో అక్క ఫోన్ చేసింది, భరిణె మూత రావడం లేదట. మామిడి చెక్క తేమకు ఉబ్బుతుంది. కాసేపు ఎండలో పెట్టాలి.