షేఠ్‌జీ గేటు ముందు ఫ్రెంచి కారు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టాలంటే ఇంకాస్త జుట్టు నెరవాలంటారు మా ఇంట్లో. నాకంత ఓపిక లేదు. డిగ్రీ తప్పి, జగదల్‌పూర్‌లో మా మేనమామ గ్యారేజీలో చేరిన ఆ రోజుల్లో నేను చేసిన పనులు రెండే: స్పానర్లు అందించడం, మావయ్య గొప్పలకు చిల్లులు పొడవడం. (రెండోది జీతంలేని సేవ.) మా తాత కిరండూల్ రైలు లైను ఉద్యోగానికి విజయనగరం నుంచి వచ్చాడు. మావయ్య పుట్టింది ఇక్కడే అయినా, ఆయన మాట ఇంకా విజయనగరం స్టేషను దాటలేదు.

ఆ కారు గీదంలో ఒక షేఠ్‌జీ గోదాములో, చింతపండు బస్తాల కింద దొరికింది. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, ఎడమపక్కన స్టీరింగు. పాతకాలపు ఫ్రెంచి స్పోర్ట్స్ కారు. అది బస్తర్‌కు ఎలా వచ్చిందంటే, మావయ్య దగ్గర రోజుకో చరిత్ర ఉండేది. సోమవారం అది రైలు లైను వేయడానికొచ్చిన దొరది. గురువారానికి రాజావారి అతిథిది. ఆదివారం గ్యారేజీలో జనం ఎక్కువ కనక, ఏదో పందెంలో గెలిచిన కప్పు కూడా తోడయ్యేది. షేఠ్‌జీకి తెలిసిందల్లా వాళ్ల తాత దాన్ని ఒకసారి నడిపి, మళ్లీ ఆ ఊసెత్తలేదని. ఏళ్ల తరబడి కారిన పులుపుకి సీట్లు కుళ్లిపోయాయి గానీ, ఇత్తడి బిళ్లలు మాత్రం పూజ సామానులా మెరిసిపోయేవి.

షేఠ్‌జీ అప్పటికే పాత ఇనుము కొనే కబాడీవాడికి మాటిచ్చేశాడు. మావయ్య కాళ్లావేళ్లా పడితే ఒక షరతు పెట్టాడు: దసరా నాటికి కారు తన ఇంజను మీద తానే నడిచి, ఎవరూ తోయకుండా జగదల్‌పూర్‌లో తన ఇంటి గేటు దాటితే ఇంట్లో ఉంచుకుంటాడు, లేదంటే తూకానికే. ఇక మావయ్యకు నిద్ర లేదు. దాని పార్టులు ఫ్రాన్సులో ఉన్నాయి, మాకు రాయపూర్ బస్సులో వచ్చేవే దిక్కు. ఆటో కార్బురేటరు, ట్రాక్టరు బెల్టు, బస్సు వైపరు ఒక్కొక్కటిగా లోపలికి చేరాయి.

"మావయ్యా, ఇందులో ఇంక ఫ్రెంచి ఏటి మిగిలింది?"

"ఆత్మరా. నీకేటి తెలుస్తాది? నోర్మూసుకోని ఆ పానా అందీ."

దసరా రానే వచ్చింది. మావయ్య పొట్టకీ స్టీరింగుకీ రాజీ కుదరక నడపడం నా వంతైంది. ఆయన ఇస్త్రీ చొక్కాతో కుడి సీట్లో కూర్చుని, రెండు చేతులూ జోడించి రోడ్డుకు అటూ ఇటూ దండాలు పెడుతున్నాడు. చౌరాస్తాలో ట్రాఫిక్ జవాను ఈల వేసి నేరుగా ఆయన మీదికే వచ్చాడు. "చాచా, దోనో హాథ్ ఛోడ్‌కే గాడీ?" రెండు చేతులూ వదిలేసి బండి నడుపుతున్నందుకు వాడికి కోపం కంటే దిగులెక్కువగా ఉంది. నేను ఎడమపక్క నుంచి స్టీరింగు చూపించాను. వాడు వంగి చూసి, సెల్ఫీ దిగి, వదిలేశాడు.

షేఠ్‌జీ గేటు ముందు, ఆయనే పోయించుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్ ఉంది. ముందు చక్రాలు దాటాయి. కారు నడుం దాని మీద కూర్చుంది. వెనక చక్రాలు పట్టు దొరక్క గిర్రున తిరుగుతున్నాయి. గేటు దగ్గర హారతి పళ్లెంతో షేఠ్‌జీ తల్లి, పక్కనే తక్కెడతో కబాడీవాడు. ఎవరి శ్రద్ధ వారిది. ఎవరో తోయబోతే షేఠ్‌జీ వేలెత్తాడు. "ధక్కా నహీఁ!"

"మావయ్యా, బరువెక్కువైంది," అన్నాను.

"ఏటి బరువు? ఉన్నదే మనిద్దరం!"

నేను ఆయన పొట్ట వైపు చూశాను.

"నానా?" అన్నాడు. కాసేపు గేటు వైపు చూశాడు. "ఈ గేటులోంచి ఎల్డం కోసరవే గదరా ఇన్నాళ్లూ..." అని, ఆ మాట పూర్తిచేయకుండానే తలుపు తీశాడు. అంత పొట్టి కారులోంచి అంత మనిషి బయటపడటానికి పట్టిన సమయంలో ఇంకో చరిత్ర చెప్పుకోవచ్చు. ఆయన దిగగానే కారు రెండు వేళ్లెత్తు లేచింది, ఒక్క ఉదుటున గేటు లోపల పడింది. షేఠ్‌జీ తల్లి అలవాటుకొద్దీ కుడివైపు వెళ్లి, ఖాళీ సీటుకు హారతిచ్చింది. కబాడీవాడు తక్కెడ చంకన పెట్టుకుని ప్రసాదం కోసం ఆగాడు.

మావయ్య వెనకాల నడిచొచ్చాడు. చొక్కా ఇస్త్రీ పోయింది. నా నాలుక చివర ఆయన బరువు మీద ఒక జోకు తయారుగా ఉంది.

"ఒరే అల్లుడూ," అన్నాడు ఆయాసపడుతూ, "ఇన్నాళ్లూ దీని కిందా లోపలా ఉన్నాను గానీ, ఇది ఎల్తుంటే బయట్నుంచి ఒక్కపాలీ సూడనేదురా. ఎంత బాగున్నాదిరా!"

మంచి జోకే అది. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ రోజు మింగేశాను. ఒక్క జోకు మింగినందుకే పెద్దవాణ్ణైపోయానని ఆ సాయంత్రమంతా ఛాతీ విరుచుకు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం, ఇప్పుడు నవ్వాగదు.