పెరుగన్నం తింటూ నేను ఆక్రమించిన దేశం

మా మనవరాలికి మాటలు రాక కాదు. ఇంట్లో దాని నోరు మూయించలేం. నలుగురి ముందు నిలబడితే మాత్రం నోరు తెరవదు. అమెరికాలో, ఈ శాన్ రామన్‌లో, దాని స్కూల్లో పిల్లలు తలా ఒక దేశమై కూర్చుని లోకంలోని తగువులు తీరుస్తారు. కిందటిసారి ఇది లేచి, నిలబడి, ఒక్క ముక్కా అనకుండా కూర్చుంది. ఈసారీ మాట్లాడకపోతే జట్టులోంచి తీసేస్తానని టీచరు చెప్పేసింది. వారం రోజులు అద్దానికి ఉపన్యాసం ఇచ్చింది పాపం.

ఆ శనివారం నేనూ వెంట వెళ్ళాను. మా అమ్మాయి మమ్మల్ని దించి, ఆఫీసు కాల్ అంటూ పార్కింగ్‌లో కారులోనే ఉండిపోయింది.

ఆనాటి తగువు ఏమిటంటే, ఒక చిన్న దేశంలో మిలిటరీవాళ్ళు ప్రెసిడెంటును దింపేసి కుర్చీ ఎక్కారు. మిగతా దేశాలు ఏం చెయ్యాలి? కోట్లు వేసుకున్న పద్నాలుగేళ్ళ పిల్లలు పంచాయితీ పెద్దలకంటే బిగుసుకుని ఉన్నారు.

పెద్దవాళ్ళకు వేసిన బల్లలకు వీపు ఆనించే వీలు లేదు. పైగా షుగరు మాత్ర వేసుకుని అరగంటైంది, తినకపోతే కళ్ళు తిరుగుతాయి. పిల్లల వరసలో ఒక మంచి కుర్చీ ఖాళీగా ఉంది. ముందు టేబులు, దాని మీద ఏదో రాసిన అట్ట. తెలుగే కూడబలుక్కుని చదివేదాన్ని, ఇంగ్లీషు నాకేం తెలుసు? వెళ్ళి కూర్చుని, డబ్బా మూత తీసి, పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాను.

హాలంతా నావైపు తిరిగింది.

అది ఆ చిన్న దేశం కుర్చీయట. అందులో కూర్చోవలసిన పిల్లవాడు జ్వరంతో రాలేదట. పక్క దేశంగా కూర్చున్న తెలుగుపిల్ల నావైపు వంగింది.

"అమ్మమ్మా, వాళ్ళకి డౌట్. మీరు మిలిటరీనా, ఓల్డ్ గవర్నమెంటా?"

"నేను మీ ఫ్రెండు అమ్మమ్మను తల్లీ."

"చెప్పాను. అది రూల్స్‌లో లేదు అంట."

ఎత్తు మీద అధ్యక్షుడై కూర్చున్న కుర్రాడు చెక్కసుత్తి కొట్టి నన్ను లేవమన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపకూడదు. మా ఊళ్ళో పగవాణ్ణయినా తిని లేచాకే తిట్టేవాళ్ళం. చెప్పవే అతగాడికి!"

ఆ పిల్ల లేచి ఇంగ్లీషులో చెప్పింది. అందరూ గబగబా రాసుకున్నారు.

"చైర్ వదలను అంటే మీరే మిలిటరీ అంట, అమ్మమ్మా."

మా ఆయన పోయాక ఇంట్లో టీవీ రిమోటయినా నా చేతికి రాలేదు. ఇక్కడ ఏకంగా దేశమే వచ్చిపడింది. ఒక దేశం నాకు తిండి ఆపించాలంది. ఇంకో దేశం పెరుగన్నం వరకు వదిలెయ్యాలంది, మానవత్వమట. మూడోది నన్ను ఎన్నికలు ఎప్పుడు పెడతావని నిలదీసింది.

"తిన్నాక," అన్నాను.

అది ఇంగ్లీషులోకి మారగానే సగం హాలు చప్పట్లు కొట్టింది.

ఈ గొడవలో పొద్దు గడిచిపోయింది. ఇంకా పది నిమిషాలే ఉంది, మా పిల్ల వంతు రాలేదు. ఎదుటి వరసలో కాగితాన్ని పీలికలు చేస్తోంది. టీచరు వాచీ చూసుకుంటోంది. నా రెండు ముద్దల కోసం దీని నోరు కట్టేశానే అనిపించి డబ్బా మూత అందుకున్నాను.

అప్పుడు మాట్లాడతానని తన అట్ట ఎత్తింది మా పిల్ల. మొదట గొంతు సన్నగా వణికింది. తర్వాత దానికి నా గొంతే వచ్చింది, బొంగురుగా, గోడలదాకా.

"ఏమంటోందే?"

"మిమ్మల్ని ఎవరూ పంపలేదు, మీ దగ్గర పేపర్స్ లేవు, అడిగితే తింటున్నారు... తీసెయ్యాలి అంటోంది."

"ఎవరు, నా మనవరాలేనా?"

"యా. షి ఈజ్ రియల్లీ గుడ్."

ఓటు పెట్టారు. చేతులన్నీ లేచాయి, నా పక్కపిల్ల చెయ్యి కూడా.

"నువ్వూనా?"

"సారీ అమ్మమ్మా. మా కంట్రీ పాలసీ."

నేనూ ఎత్తాను, ఎంగిలి చెయ్యే. అధ్యక్షుడు అది చెల్లదన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక సగం భోజనంలో లేవడం అదే మొదలు. డబ్బా పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. వెనక్కి చూస్తే మా పిల్ల మళ్ళీ అట్ట ఎత్తి ఉంది. చేతిలో కాగితం లేదు. టీచరు వాచీ వదిలేసి దాన్నే చూస్తోంది. అధ్యక్షుడు సుత్తి ఎన్నిసార్లు కొట్టినా అది కూర్చోవడం లేదు.

"అమ్మమ్మా, ఆగండి!" అని అరిచింది పక్కపిల్ల. "తీసేశాక మిమ్మల్ని ఏ కంట్రీలోకి రానివ్వాలో అడుగుతోంది. ఇంకా డిసైడ్ అవ్వలేదు!"