ఎండ తుమ్ము

సన్యాసిరావుకి ఎండ చూస్తే తుమ్ము వస్తుంది. నీడలోంచి ఎండలోకి అడుగు పెట్టగానే ఒక్కటే తుమ్ము. రెండోది రాదు. జంట తుమ్ము శుభం. రెండోది వచ్చి ఉంటే ఆయన జీవితం ఇంకోలా ఉండేది.

ఒంటి తుమ్ము వినబడితే బయల్దేరినవాళ్లు ఆగిపోతారు. వెనక్కి వచ్చి కూర్చుంటారు. మంచినీళ్లు తాగి మళ్లీ లేస్తారు. ఆయన చిన్నప్పుడు వాళ్ల వీధిలోంచి తరలిన పెళ్లివారు దారికని తెచ్చుకున్న నీళ్లన్నీ వీధి దాటకుండానే తాగేశారట.

ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. అక్కడ రెండు జట్లు. ఒకటి పల్లెల నుంచి వచ్చిన బళ్ల మీంచి బెల్లం దిమ్మలు దించుతుంది. ఒకటి లారీలకు ఎత్తుతుంది. సన్యాసిరావు ఎత్తే జట్టులో ఒక్కరోజు చేశాడు. ఆ రోజు ఒడిశా వెళ్లాల్సిన డ్రైవరు తుమ్ము విని క్యాబిన్ దిగాడు. నీళ్లు తాగాడు. టీ తాగాడు. దిగాను కదా అని భోజనం చేశాడు. భోంచేశాను కదా అని పడుకున్నాడు. సాయంత్రం మేస్త్రీ ఎర్రయ్య వచ్చాడు.

"బావా, వచ్చే సరుకు నువ్వు సూసుకో. ఎల్లే సరుకు మాకొగ్గేయ్."

అప్పటినుంచి ఆయన దించుతూనే ఉన్నాడు.

ఇంట్లోనూ అదే పద్ధతి. ఎవరు బయల్దేరినా తల్లి చిన్నమ్మలు ఆయన్ని వంటింట్లోకి పంపి తలుపు వేస్తుంది. కూతురు దివ్య బడికి వెళ్లింది. ఇంటర్‌కి వెళ్లింది. నర్సింగు కాలేజీలో చేరింది. ఏ ఉదయమూ ఆయన చూడలేదు. తలుపు వెనక నిలబడి విన్నాడు. చెప్పుల చప్పుడు, తర్వాత గేటు చప్పుడు. ఒక్కసారైనా కూతుర్ని తానే సాగనంపాలని ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

దివ్యకు శరీర నిర్మాణం మీద వైవా పరీక్ష ఉన్న రోజు ఆటో రాలేదు. ఆటో నూకరాజు ఫోను ఎత్తలేదు.

"నాన్నా, బండి తియ్యి," అంది దివ్య.

సన్యాసిరావు తువ్వాలు భుజాన వేసుకునేసరికి చిన్నమ్మలు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఒరే, మతుందేటి నీకు? పరీచ్చకెల్లే పిల్ల ముందర తుమ్ముతావా?"

"ఆపుకుంటానమ్మా."

"నీ పెల్లికీ అలాగే సెప్పేవు."

వంటింట్లోంచి ఆయన భార్య మహాలక్ష్మి అందుకుంది. "మా పుట్టింటి గుమ్మం దిగుతుంటే తుమ్మేడు. ఆ ఫలం ఇప్పటికీ అనుబవిత్తన్నాను."

దివ్య పుస్తకం మూసింది. తండ్రి ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని నానమ్మ వైపు తిప్పింది.

"ఇటు సూడు నానమ్మా. ముక్కు మజ్జిలో గోడ ఉంటాది. ముందు మెత్తటెముక, ఎనక గట్టెముక. వాసన నరం పైకప్పులో ఉంటాది. జల్లెడలాంటి ఎముకలోంచి మెదడుకెల్తాది. దానికి వాసన తప్ప ఇంకో పని లేదు. దురద, మంట, నొప్పి ఇంకో నరానివి. మొకం మొత్తానికి అదే దిక్కు. మూడు కొమ్మలు. ఈ దూలానికీ కొసకీ మొదటిది. ఈ రెక్కలకీ, లోపల ఎనకబాగానికీ రెండోది."

"మూడోదో?"

"అది కింద దవడది. ముక్కు జోలికి రాదు."

"బుద్దిమంతురాలు," అంది చిన్నమ్మలు.

"ఊపిరాడతాలేదే," అన్నాడు సన్యాసిరావు. దివ్య ముక్కు వదిలింది.

"కంట్లో ఎలుగు పడితే ఆ కబురు కంటి నరం మోసుకెల్లాలి. నాన్నకి అది దారిలో ఈ మొకం నరానికి తగిలేత్తాదని అంటారు. ముక్కులో ఏదో పడిందనుకుని తుమ్ముతాడు. కచ్చితంగా ఎలాగన్నది డాక్టర్లకీ తేల్లేదు."

చిన్నమ్మలు ఆలోచించింది.

"అంటే, పక్కింటోల్ల పార్సిలు మనింట్లో ఇచ్చేసినట్టా?"

"అంతే."

"అయితే ఆ తుమ్ము మనది కాదు."

"కాదు."

"మనది కాని పార్సిలు మనమెందుకు పుచ్చుకోవాల?" చిన్నమ్మలు లేచి పక్కకు జరిగింది. "ఎల్లండి. తుమ్మితే తుమ్మనీ."

సన్యాసిరావు గుమ్మం దిగి ఎండలో నిలబడ్డాడు. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. గడ్డం పైకి లేచింది. నోరు తెరుచుకుంది. ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. తుమ్ము రాలేదు.

"తుమ్మరా," అంది చిన్నమ్మలు.

"రాతాలేదమ్మా."

"సగంలో ఆగిన తుమ్ము మరీ దరిద్రం. మీదకి సూడు!"

ఆయన చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కింటి త్రినాధరావు గోడ మీంచి ముక్కుపొడి డబ్బా చాపాడు. చిన్నమ్మలు వద్దంది. పొడి తుమ్ము లెక్కలోకి రాదంది.

"నాన్నా, నా వైవా!" అని దివ్య బండెక్కి కూర్చుంది. సన్యాసిరావు తెరిచిన నోటితోనే బండి నడిపాడు.

కాలేజీ గేటు దగ్గర తెల్ల కోట్ల ఆడపిల్లలు మెట్లెక్కుతున్నారు. వైవా పరీక్ష పెట్టడానికి వచ్చిన డాక్టరు కారు దిగుతున్నాడు. దివ్య బండి దిగి గేటు దాటింది. ఆమెను చూడాలని సన్యాసిరావు తల ఎత్తాడు. మేడ అంచున సూర్యుడున్నాడు.

ఇంటి దగ్గర రానిది వచ్చింది. గేటు ఊచలు కదిలాయి.

ఆడపిల్లలు ఆగిపోయారు. ఒకరి తర్వాత ఒకరు మెట్ల మీద కూర్చున్నారు. సంచుల్లోంచి నీళ్ల సీసాలు తీశారు. డాక్టరు కింద పెట్టిన కాలు మెల్లగా లోపలికి లాక్కుని కారు తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి ఆయన సీసా ఎత్తడం కనిపించింది.

దివ్య ఒక్కతే ఆగలేదు. కూర్చున్నవాళ్ల మధ్యనుంచి మెట్లెక్కి, పైన వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"ఎల్లొత్తాను నాన్నా!"

సన్యాసిరావుకి ఏం చేయాలో వెంటనే తెలియలేదు. ఎప్పుడూ చేసిన పని కాదు. తర్వాత చెయ్యి ఎత్తాడు. ఆమె తలుపులోకి వెళ్లిపోయేదాకా దించలేదు.

వాచ్‌మన్ వచ్చి బండి అవతల పెట్టుకోమన్నాడు. లోపలికి వెళ్లాల్సినవాళ్లు ఇంకా ఉన్నారన్నాడు.

సన్యాసిరావు బండి తీశాడు. చూడాల్సింది చూశాడు.